నీలోడి మీద అభిప్రాయాలు

నేను మస్కట్ నుంచి వచ్చిన మర్నాడే జ్యోత్స్న నా సూట్‌కేసు ఖాళీ చేసి, తడిగుడ్డతో తుడిచి, పడకగది తలుపు వెనక నిలబెట్టింది. సజ్జ మీద పెట్టలేదు. తిరుగు ప్రయాణానికి రెండు ప్యాంట్లు, ఒక తువ్వాలు, పసుపు పొడి డబ్బా అప్పుడే అందులో సర్దేసింది కూడా. ఇంటికొచ్చిన చుట్టం చెప్పులు తీసి గడప బయటికి తిప్పి పెట్టినట్టు అనిపించింది నాకు. పోయిన సెలవులోనూ సూట్‌కేసు అక్కడే ఉందని గుర్తొచ్చింది. అప్పుడు పట్టించుకోలేదు.

అనుమానం నాకు పనిలోంచి వచ్చిన గుణం. మస్కట్‌లో ఏసీ డక్టులు బిగిస్తాను. ఎక్కడ గాలి కారుతోందో తెలియకపోతే సూపర్‌వైజర్ నన్నే పిలుస్తాడు. చెవి పెట్టి వింటాను, చెయ్యి పెట్టి చూస్తాను, కనిపెడతాను. అలాంటివాడికి సొంత ఇంట్లో ఏదో కారుతోందని అనిపిస్తే ఊరుకుంటాడా?

పైగా ఈసారి తేల్చుకోక తప్పదు. వీసా పొడిగించాలా వద్దా అని కంపెనీ అడిగింది. సెలవు అయిపోయేలోపు చెప్పాలి. నాకైతే ఉండిపోవాలనే ఉంది. ఆర్మూర్‌లో ఇప్పుడు సందుకో ఏసీ ఉంది, రిపేరు షాపు పెట్టుకుంటే బతకొచ్చు. మా ప్రియ నిజామాబాద్ హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా ఇంట్లో తండ్రి కనబడతాడు. కానీ ఉండమని ఇంటి మనిషి ఒక్క మాట అనాలి కదా. జ్యోత్స్నను అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా, "నీ ఇష్టం" అంది. ఒకప్పుడు నా చొక్కా పట్టుకుని, పోవద్దని అడిగిన మనిషి ఆమె. ఇప్పుడు నా ఇష్టమట. నా చోట్లో ఇంకెవరైనా ఉన్నారా అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. వచ్చిందంటే ఇక పోలేదు.

మా వసారాలో పొద్దున్నుంచీ బీడీల పని నడుస్తుంది. కార్ఖానా కార్డు మా అమ్మ గంగవ్వకు ఒక్కదానికే ఉంది. ఎదురింటి రత్నవ్వకూ, పక్క సందులో ఉండే రోజారాణికీ కార్డుల్లేవు. ముగ్గురు చేసిన బీడీలూ అమ్మ పేరు మీదే కార్ఖానాకు పోతాయి, వచ్చింది పంచుకుంటారు. మా దగ్గర చాలా ఇళ్ళల్లో ఇంతే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నేను దాన్ని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. వంట అయ్యాక జ్యోత్స్న వాళ్ళ మధ్య కూర్చుంటుంది. వాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని ఆకు చుడుతుంటే ఆమె ఫోన్‌లో ఏదో చదివి వినిపిస్తుంది. నేను వస్తే చదవడం ఆగిపోతుంది.

ఒక మధ్యాహ్నం బజారు నుంచి వస్తూ గేటు దగ్గరే ఆగి విన్నాను.

"నిన్న మల్ల వచ్చిండా?" అని రత్నవ్వ అడుగుతోంది.

"రాక యాడికి పోతడు? గోడ దుంకి వచ్చిండు. గంత ఎత్తు మనిషి, గోడ ఓ లెక్కనా?" అంది మా అమ్మ.

"పొద్దుగాల్ల దాంక ఉన్నడా?" అని రోజారాణి.

నేను గేటు తీశాను. నలుగురూ నోళ్ళు మూసేశారు. రోజారాణి చాటలోకి తలదూర్చి తంబాకు వెతుక్కుంటోంది, అది ఆమె ముందే ఉన్నా.

"ఎవరే అమ్మా వచ్చింది?" అన్నాను.

"ఎవ్వరు రాలే కొడకా. పిల్లి" అంది అమ్మ, దారం పళ్ళతో కొరుకుతూ. మా అమ్మ అబద్ధం చెప్పేటప్పుడు దారం పళ్ళతో కొరుకుతుంది. మామూలప్పుడు కత్తెర వాడుతుంది.

జ్యోత్స్న ఆరేసిన బట్టలు తేవడానికి దాబా మీదికి వెళ్ళింది. ఫోను గడప మీదే ఉండిపోయింది, అది ఒక్కసారి వెలిగింది. నేను ముట్టుకోలేదు, వంగి చూశాను అంతే. కథల యాప్ నుంచి వచ్చిన కబురు. 'మీ అభిప్రాయానికి తోకచుక్క జవాబిచ్చారు: జ్యోత్స్న గారూ, రోజూ మీ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. మీరు కోరినట్టే అతన్ని మళ్ళీ రాత్రికి రప్పిస్తాను.'

అన్నం తినకుండానే దేవిదాస్ దగ్గరికి వెళ్ళాను.

దేవిదాస్ నా చిన్ననాటి దోస్తు. మార్కెట్ యార్డు గోడ పక్కన పాత పేపర్ల షాపు వాడిది. పసుపు బస్తాల ధూళి పడీ పడీ వాడి షాపులో ఏ కాగితమూ తెల్లగా ఉండదు. నాకోసం వాడు పాత నిప్పుగద్ద కామిక్స్ ఏరి పెడుతుంటాడు. మా చిన్నప్పుడు బస్టాండులో నెలనెలా వచ్చేవి. రంగులు గీతలు దాటి పోయి, మనిషి ఒక చోట, వాడి ఎర్ర చొక్కా ఇంకో చోట అచ్చయ్యేవి. నిప్పుగద్ద పగలు బ్యాంకులో గుమాస్తా. చీకటి పడితే కళ్ళకు ముసుగు కట్టుకుని ఆకాశంలో ఎగురుతూ దొంగల్ని పడతాడు. పక్క బల్ల దగ్గర టైపు కొట్టే మంజుల అతన్ని ప్రేమిస్తుంది, కానీ ఆ గుమాస్తానే గద్ద అని ఆఖరి సంచిక దాకా పోల్చుకోలేదు.

ఈ కామిక్స్ మీద మాకో గ్రూపు ఉంది, నిప్పుగద్ద అభిమానులు అని. శుక్రవారం సెలవు రోజున మస్కట్‌లో మా పనివాళ్ళ క్యాంపులో అందరూ నిద్రపోతుంటే నేను అందులో అభిప్రాయాలు రాస్తాను. నా అభిప్రాయాలకు కాస్త పేరుంది, చెప్పుకోకూడదు. ముఖ్యంగా మంజుల మీద రాసింది చాలామందిని కదిలించింది. గొంతు అదే, నడక అదే, దగ్గు అదే, కళ్ళకు గుడ్డ ముక్క కట్టుకున్నంత మాత్రాన పక్క బల్ల ఆడమనిషి పోల్చుకోలేదంటే రచయిత మనల్ని వెర్రివాళ్ళను చేస్తున్నాడని రాశాను. 'ప్రేమ ఉన్న చోట ముసుగు నిలవదు, గమనించగలరు' అని ముగించాను. గమనించగలరు అన్న మాట మా కంపెనీ నోటీసుల్లోంచి పట్టుకున్నాను. గంభీరంగా ఉంటుంది.

దేవిదాస్ షాపులో బస్తా మీద కూర్చుని యాప్ దించుకుని, తోకచుక్క అన్న పేరుతో రాసే ఆ రచయిత కథ వెతికాను. పేరు మూడో చంద్రుడు. ఏదో దూరపు గ్రహం నుంచి నీలిరంగు ఒళ్ళు, నాలుగు చేతులు ఉన్నవాడు ఓడలో దిగుతాడు. చీరల షాపులో పనిచేసే ఒక పిల్ల మీద మనసు పడతాడు. కొన్నాళ్ళుంటాడు, పోతాడు, మళ్ళీ ఎప్పుడో వస్తాడు. చదివేవాళ్ళందరూ వాణ్ణి నీలోడు అంటున్నారు. వసారాలో గోడ దూకి వచ్చింది వీడేనన్నమాట. ప్రాణం కుదుటపడాల్సింది. పడలేదు. ఎందుకంటే కథ కింద అభిప్రాయాలున్నాయి, వాటిలో సగం జ్యోత్స్న, ఆర్మూర్ అన్న పేరు మీద ఉన్నాయి.

మొదటిది చదివాను. 'నీలోడు గోడ దుంకుడు ఎందుకు? తలుపు దగ్గరికి ఏసి పెట్టింది గద పిల్ల, దర్జాగ తలుపుల నుంచి రమ్మను. వచ్చినంక గా నాలుగు చేతులు వట్టిగ పెట్టుకొని కూసుంటడేంది? రెండు చేతులతోని కాళ్ళు పట్టుమను, రెండు చేతులతోని నడుము పట్టుమను. దినమంత కూసొని పనిచేసే ఆడదాని నడుము సంగతి రాసేటోళ్ళకు తెల్వదు.'

ఇన్నేళ్ళ కాపురంలో జ్యోత్స్న నన్ను ఎప్పుడూ కాళ్ళు పట్టమని అడగలేదు. నాకున్న రెండు చేతులు చాలవనుకుందేమో.

రెండోది ఇంకా అన్యాయం. 'వాళ్ళ లోకంల ఆదివారం ఉంటదా? పిల్ల గక్కడికి పోతే ప్రార్థనకు ఎక్కడికి పోవాలె? ఆ సంగతి తేల్చకుంట పెండ్లి చేస్తే ఊకోను.' మా ఆవిడ సోమవారాలు ఒక్కపొద్దు ఉంటుంది. మా ఇంట్లో ఆదివారం అంటే మటన్. ఈ ప్రార్థన ఎక్కడిది? ఎవరు నేర్పుతున్నారు? ప్రతి అభిప్రాయం కిందా తోకచుక్క వినయంగా వంగి వంగి జవాబులిచ్చాడు. మీ మాటే నా బలం అట. మీరు లేకపోతే ఈ కథే లేదట.

దేవిదాస్ నా భుజం మీంచి చూసి, "నాలుగు చేతులంటే ఏసీ డబ్బా ఒక్కడే ఎక్కియ్యచ్చు గదరా" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "నీలోని మీద ఫికర్ వద్దు భాయ్. వాడు కథల ఉన్నడు. కథ రాసేటోడు యాడ ఉన్నడో జర చూడు."

అదే నేనూ అనుకుంటున్నాను. కానీ నేరుగా జ్యోత్స్నను అడిగితే సర్దుకుంటుంది. గాలి కారే చోటు పట్టుకోవాలంటే మిషన్ ఆపకూడదు. అందుకని నేనూ ఒక పేరు పెట్టుకుని ఆ యాప్‌లోకి దిగాను. నిప్పుగద్ద అని పెట్టుకున్నాను. ఆ పేరు వెనక ఎవరున్నారో కనిపెట్టడం ఎవరి తరమూ కాదనిపించింది. ఇలా రాశాను: 'ఇటువంటి కథలు కుటుంబ స్త్రీల మనసులను పాడుచేయును. నాలుగు చేతుల జీవి మన స్త్రీని ప్రేమించుట శాస్త్రవిరుద్ధము. రచయిత ఎవరో, ఏ ఊరో బయటపెట్టవలెను. గమనించగలరు.'

మర్నాటికి జవాబు వచ్చింది, తోకచుక్క నుంచి కాదు, జ్యోత్స్న పేరు మీద. 'నిప్పుగద్ద గారూ, మా నీలోడికి నాలుగు చేతులుండటం శాస్త్రం కాకపోతే, రెక్కలు లేని మీ గద్ద ఎగరడం ఏ శాస్త్రం? మీకు వేడి చేసినట్టుంది. చల్లటి మజ్జిగ తాగండి.'

పరాయి మగవాడికి మజ్జిగ తాగమని చెబుతోంది! ఎవడో, ఏమిటో తెలియనివాడికి! నేను మండుతూ ఇంటికి వెళ్ళేసరికి జ్యోత్స్న మజ్జిగ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. ఎండ బాగా ఉంది, తాగేశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ నవ్వు నా కోసం కాదని నాకు గట్టిగా తోచింది.

అప్పటి నుంచి నా కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. నేను గదిలోకి రాగానే ఫోను బోర్లా పెడుతుంది. సూట్‌కేసు వైపు చూసి చూపు తిప్పుకుంటుంది. ఒకసారి తెరిచి అందులో ఇంకో చొక్కా మడతపెట్టి పెట్టింది. కంపెనీకి ఏం చెప్పావని మాత్రం అడగదు. నేనే కావాలని, "వీసా సంగతి రేపోమాపో చెప్పాలె" అన్నాను. "చెప్పు మరి" అంది. ఎంత తేలిగ్గా అందో!

మళ్ళీ దేవిదాస్ షాపు, మళ్ళీ యాప్. ఈసారి పాత అభిప్రాయాల్లోకి వెళ్ళాను. నీలోడు మొదటిసారి ఓడెక్కి వెళ్ళిపోయిన భాగం కింద జ్యోత్స్న పేరు మీద ఇలా ఉంది:

'నాకు మొగుడు ఉన్నట్టు యాదికే లేదు. దేశం పోయిండు, ఫోన్ లేదు, కబురు లేదు. మొఖం యాది చేసుకుందామంటే పెండ్లి ఫొటోల మొఖమే వస్తది. నీలోని అసొంటోడు వచ్చి పిలిస్తే కట్టుబట్టలతోని ఓడెక్కుత.'

రెండుసార్లు చదివాను. ఫోన్ లేదట! ప్రతి రాత్రీ డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా ఫోన్ చేసేవాణ్ణి. నెట్ అందకపోతే క్యాంపు మేడ మెట్లెక్కి చేసేవాణ్ణి. నేను లేనట్టేనట. నా ముఖమే గుర్తులేదట. కోపం కాదు అది, కాళ్ళ కింద నేల లేకుండా పోవడం. దేవిదాస్ ఏదో అంటున్నాడు, వినలేదు. అతను కాదు, ఇతను కాదు, ఎవరూ లేకపోయినా సరే, ఆమెకు నేను లేను. ఆ సంగతి ఊరూ పేరూ వేసి లోకానికంతా చెప్పింది.

నడుచుకుంటూ ఇంటికొచ్చాను. వసారాలో నలుగురూ ఉన్నారు. అమ్మ, రత్నవ్వ, రోజారాణి చాటలతో, జ్యోత్స్న ఫోనుతో. ఈసారి వాళ్ళు నోరు మూసే దాకా ఆగలేదు.

"తోకచుక్క ఎవడు?" అని అరిచాను.

అమ్మ చేతిలో ఆకు జారిపోయింది. "ఎవడేంది రా? ఆమె. రిటైరైన టీచరమ్మ, సత్తెనపల్లి దిక్కు. మొన్న ఫోన్ల నాకు బీపీ గోలీల పేర్లు గూడ చెప్పింది."

"అన్నా, మాట్లాడతవా? ఫోన్ కలుపుత" అని రోజారాణి లేవబోయింది.

నా అనుమానంలో సగం అక్కడే కూలిపోయింది. మిగతా సగం ఇంకా నిలబడే ఉంది, అదే అసలుది. ఫోను జ్యోత్స్న ముందు పెట్టి, ఆ అభిప్రాయం చూపించాను. "మరి గిదేంది? మొగుడు ఉన్నట్టు యాదికే లేదా నీకు? ఫోన్ లేదా? నేను చేసిన ఫోన్లన్ని ఎవ్వరికి చేసిన?"

జ్యోత్స్న చదివింది. నా వైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "గిన్ని దినాల సంది గిది పట్టుకొని తిరుగుతున్నవా? గందుకేనా నిప్పుగద్ద వేషం?"

"ఏ నిప్పుగద్ద?" అన్నాను.

"క్యాంపుల గ్యాస్ అయిపోయింది గమనించగలరు, పాలు విరిగినవి గమనించగలరు. దినాం మెసేజులు నాకు గాదా పెట్టేది? మజ్జిగ ఇస్తే తాగినవు గద, గప్పుడన్న సమజ్ కాలేదా?"

రోజారాణి నవ్వు ఆపుకోలేక గోడకు తిరిగింది. జ్యోత్స్న మాత్రం నవ్వలేదు. తన ఫోనులో అభిప్రాయాలన్నీ తెరిచి నా చేతిలో పెట్టింది.

"మంజుల తెలివితక్కువది అని రాసి నాకు గూడ పంపినవు గద. పక్కన ఉన్నోన్ని పోల్చుకోలేదని. సరే, నీకిచ్చిన మజ్జిగ జవాబు ఇడిచిపెట్టు, గీ అభిప్రాయాలల్ల నీ పెండ్లం సొంతంగ రాసింది ఒక్కటే ఉన్నది. గదేదో చెప్పు."

"ఒక్కటేంది? అన్నీ నీ పేరు మీదనే ఉన్నయి గద."

"బీడీలన్నీ అత్తమ్మ పేరు మీదనే పోతయి. అన్నీ అత్తమ్మనే చేస్తదా?"

అప్పుడు నాకు అర్థమైంది. నేను బీడీలు చేసే తల్లి కొడుకుని. ఒక కార్డు మీద ఎన్ని చేతుల పని పోతుందో చూస్తూ పెరిగినవాణ్ణి. యాప్‌లో పేరున్నది, గబగబా టైపు చేయగలిగింది జ్యోత్స్న ఒక్కతే. మిగతావాళ్ళు చెప్పింది ఆమె రాసి పెట్టింది, వాళ్ళ మాట వాళ్ళ మాటగానే. ఆర్మూర్‌లో ఎవరికైనా తట్టాల్సిన సంగతి నాకు మస్కట్‌లో మరుగున పడిపోయింది.

అందరూ చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి. ఆ బాధ పెట్టిన అభిప్రాయం మాత్రం ఆమెది కాకూడదని కోరుకున్నాను. మొదటిదాన్ని చూపించాను, కాళ్ళు, నడుము ఉన్నదాన్ని. భార్య తన భర్త నుంచి కోరగలిగింది అదేననుకుని, కాస్త సిగ్గుపడుతూనే, "గిది" అన్నాను.

రోజారాణి చాట ఎగిరిపోయింది, తంబాకంతా నేలపాలు. రత్నవ్వ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మా అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"నా నడుము నొప్పి నాకు తెలుస్తది. నవ్వుతరేంది? మీకు రాదా ముసలితనం?" అంది అమ్మ కొంగు లోపలి నుంచి.

నేను తలెత్తలేకపోయాను. నీలోణ్ణి కాళ్ళు పట్టమన్నది నా తల్లి. ఆదివారం సంగతి ఎవరిదో చెప్పక్కర్లేదు, రోజారాణి మెడలోని సిలువే చెబుతోంది. ఇక మిగిలింది ఆ ఒక్కటి.

రత్నవ్వ నవ్వు ఆగింది. "గది నాది తమ్మీ" అంది, తనే. "జ్యోత్స్నను ఏమనకు. మీ బావ పోయినంక గిట్ల ఎవ్వరితోని చెప్పుకోలే. నీలోడు పోతుంటే నోట్లకెల్లి వచ్చింది, రాయుమన్న."

రత్నవ్వ భర్త దుబాయ్ వెళ్ళాడు, కబురు లేదు. ఉన్నాడో, లేడో, ఇంకో సంసారం పెట్టుకున్నాడో ఎవరికీ తెలియదు. వీధి వీధంతా ఎరిగినదే. ఇప్పటికీ ఆవిడ మెడలో నల్లపూసలున్నాయి. నేను ఆ మాటల్ని పట్టుకుని నాకే జరిగిందనుకుని ఊరేగాను. "తప్పైంది అక్కా" అన్నాను. ఆమె చెయ్యి ఊపేసి ఆకు అందుకుంది.

కార్ఖానాకు బీడీలు ఇచ్చే వేళైంది. కట్టలు గంపలో సర్దుకుని ముగ్గురూ లేచారు. వెళ్తూ మా అమ్మ, "నాల్గిట్ల మూడు తేలినయి. నాలుగోది తెల్వకపోతే అన్నం పెట్టకు గీనికి" అని కోడలితో చెప్పి పోయింది. జ్యోత్స్న వంటింట్లోకి వెళ్ళింది. ఫోను నా చేతిలోనే ఉంది.

గడప మీద కూర్చుని మొదటి నుంచీ చదివాను. ఈసారి పేరు చూడలేదు, గొంతు విన్నాను. ఇది అమ్మ, ఇది రోజారాణి, ఇది రత్నవ్వ, ఇది మళ్ళీ అమ్మే. పోల్చుకోవడం అంత కష్టమేం కాదు. నీలోడు రెండోసారి దిగిన భాగం దగ్గరికి వచ్చాను. ఓడ దిగిన మర్నాడే పిల్ల వాడి సంచీ సర్ది గడప పక్కన పెట్టిందట. పాఠకులందరూ ఆమెను తిట్టిపోశారు. ప్రేమ లేదన్నారు, ఎవణ్ణో తగులుకుందన్నారు. వాళ్ళందరి కింద ఇది ఉంది:

'అందరు పిల్లను తిడుతున్నరు. నేను తిట్ట. ఒకసారి చొక్కా పట్టుకొని ఉండుమని అడిగింది, వాడు చొక్కా ఇడిపించుకొని పోయిండు. మల్ల అడిగే ధైర్యం లేదు. ఆఖరి దినం సంచి సదరాలంటే చేతులాడవు, ఏడుపొస్తది, వాడు చూస్తడు. గందుకే వచ్చిన తెల్లారే సదిరి పెట్టుకుంటది. గా సంచి తీసి సజ్జ మీద పెట్టాల్సింది వాడు. పిల్ల పెట్టదు.'

దాని కింద తోకచుక్క అడిగింది: 'వాడు పెడతాడంటారా?'

జవాబు: 'తెల్వదు.'

లోపల పోపు వాసన వస్తోంది. ఎక్కడో గాలి కారుతోందని ఇల్లంతా వెతికాను. కారుతున్నది నేను చొక్కా విడిపించుకున్న చోట. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. చూసేవాళ్ళు ఎవరూ లేరు.

లేచి గదిలోకి వెళ్ళాను. సూట్‌కేసు మంచం మీద పెట్టి తెరిచాను. ప్యాంట్లు, చొక్కా తీసి అలమారలో పెట్టాను, తువ్వాలు దండెం మీద వేశాను. పసుపు డబ్బా వంటింట్లోకి తీసుకెళ్ళి ఆమె పక్కన, పోపుల డబ్బా దగ్గర పెట్టాను. జ్యోత్స్న దాన్ని చూసింది. గరిటె ఆగింది.

స్టూలు తెచ్చి సజ్జ కింద వేసి ఎక్కాను. దానికి ఒక కాలు పొట్టి, ఊగుతుంది. ఖాళీ సూట్‌కేసు తల మీదికి ఎత్తుకుని తడబడుతుంటే స్టూలు ఊగడం ఆగిపోయింది. కిందికి చూశాను. జ్యోత్స్న రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. చేతులకు పసుపు, కళ్ళ నిండా నీళ్ళు.

సూట్‌కేసు సజ్జ మీదికి తోశాను, గోడకు తగిలే దాకా.

"ఇంకా లోపటికి తొయ్యి" అంది. "మల్ల దించుమంటే నేను దించ."